తుమ్మాకు తగువు

కనిగిరి వైపు ఒక మెట్ట ఊరు. మామయ్య బడిపంతులుగా రిటైరై మేకల షెడ్డు వేశారు. మేనకోడలు పశుపోషణ శాస్త్రం చదివిన పశువైద్యురాలు. పొలం గట్టు మీది నల్లతుమ్మ చెట్లు కొట్టించాలా, ఉంచాలా అన్న దగ్గర ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది.

మామయ్య: కట్టెలవాళ్లతో బేరం అయిపోయిందమ్మాయ్. నీడకు పైరు ఎదగడం లేదు. పోనీ మేకలకైనా పనికొస్తుందా అంటే అదీ లేదు.

మేనకోడలు: పనికిరాదని ఎవరన్నారు మామయ్యా?

మామయ్య: నా మేకలే అన్నాయి. పోయిన ఎండాకాలం దాణా ధర మండిపోతుంటే తుమ్మ మండలు, కాయలు తప్ప వేరే మేత వేయలేదు. పిల్లలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పెంటికలు గట్టిగా, రాళ్లలా పడ్డాయి. కడుపు మాడి కాదు, గాడి నిండా మేత ఉంది. ఆకు పరీక్ష చేయిస్తే మాంసకృత్తులు బాగానే ఉన్నాయని కాగితం ఇచ్చారు. ఉండి ఏం లాభం? కొట్లో బియ్యం ఉన్నా తలుపుకు తాళం వేసినట్టయింది. ఆకుకు వగరునిచ్చే టానిన్ అంటే ఆ తాళమేగా?

(ఆ పరీక్ష కాగితం గురించి మామయ్య తరఫున ఒక మాట చెప్పాలి. మేతలో మాంసకృత్తులు ఇంత శాతం అని రాసే లెక్క నిజానికి నత్రజని లెక్క. 1883లో డెన్మార్క్ రసాయనవేత్త కెల్డాల్ కనిపెట్టిన పద్ధతిలో నత్రజనిని కొలిచి, దాన్ని 6.25తో హెచ్చిస్తారు. టానిన్ పట్టులో చిక్కుకున్న మాంసకృత్తులు, విడిగా ఉన్నవి అందులో ఒకే రాశిగా కనిపిస్తాయి. ఆకుల మేతకు ఆ ఒక్క అంకెను నమ్ముకుని దాణా లెక్క వేయడం రైతుకు అన్యాయమే.)

మేనకోడలు: తాళమన్న మాట ఒప్పుకుంటాను. అది ఎక్కడ పడుతుందో, ఎక్కడ తెరుచుకుంటుందో కూడా చూద్దాం. ఆకు కణంలో టానిన్ ఒక అరలో విడిగా ఉంటుంది, ఆకులోని మాంసకృత్తులకు తగలదు. మేక నమిలితే ఆ అర చిట్లి రెండూ కలుస్తాయి. టానిన్ అణువు చుట్టూ హైడ్రాక్సిల్ గుంపులుంటాయి. అవి మాంసకృత్తుల గొలుసును హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. గొలుసులో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువుంటే పట్టు ఇంకా బిగుసుకుంటుంది. ఎందుకంటే ప్రోలిన్ ఉన్నచోట గొలుసు చుట్టుకోకుండా చాచుకుని ఉంటుంది, టానిన్ వలయాలకు ఆనుకునే చోటు దొరుకుతుంది. ఒక్కో టానిన్ అణువు రెండు మూడు గొలుసుల్ని కలిపి పట్టేసరికి అంతా ముద్ద కడుతుంది. పచ్చి నేరేడుకాయ కొరికితే నాలుక గరుకెక్కి పిడచకట్టుకుపోతుందే, అదీ ఇదే పని. లాలాజలానికి జారుడు ఇచ్చే మాంసకృత్తులు ముద్దకట్టి పోతాయి.

మామయ్య: లందలో తోళ్లు పదును పెట్టేదీ ఈ తుమ్మ చెక్కతోనే కదా? చిన్నప్పుడు మా ఊరి మాదిగ పేటలో చూసేవాణ్ని. తుమ్మ చెక్క, తంగేడు చెక్క దంచి వేసి, అందులో తోళ్లు నాననిచ్చేవాళ్లు.

మేనకోడలు: అదే. తోలులో ఉండేది కొలాజెన్, ప్రోలిన్ దండిగా ఉన్న మాంసకృత్తు. టానిన్ దాన్ని పట్టుకున్నాక ఏ సూక్ష్మజీవీ కుళ్లబెట్టలేదు. రసాయన శాస్త్రం పుట్టకముందే వాళ్ల చేతులకు తెలిసిన విద్య అది. దానికి దక్కాల్సిన మర్యాద మాత్రం ఎన్నడూ దక్కలేదు.

మామయ్య: అయితే నా పక్షమే నువ్వు మాట్లాడుతున్నావు. కుళ్లబెట్టడానికి వీలుకాని తోలుగా మేతను మార్చేస్తే, మేక దాన్ని ఎలా అరిగించుకుంటుంది?

మేనకోడలు: లంద ఒక్కటే తొట్టి. మేక కడుపులో నాలుగు అరలున్నాయి, ఒక్కో అరలో ఒక్కో వాతావరణం. మొదటిది పెద్ద పొట్ట. అందులో పీహెచ్ 6, 7 మధ్య ఉంటుంది. కోటానుకోట్ల సూక్ష్మజీవులు మేక కంటే ముందు భోజనానికి కూర్చుంటాయి. మెత్తటి పచ్చిమేతలో మాంసకృత్తుల్ని చకచకా విరగ్గొట్టి అమ్మోనియా చేసేస్తాయి. వాటి ఒంటికి కావలసినంత వాడుకుంటాయి. మిగిలిన అమ్మోనియా నెత్తుట్లోకి పోయి, కాలేయంలో యూరియాగా మారి, చాలా మటుకు మూత్రంలో పోతుంది. నువ్వు డబ్బు పోసి కొన్న వేరుశనగ చెక్కలో ఒక వాటా అట్లా నేలపాలవుతున్నట్టే. టానిన్ పట్టుకున్న మాంసకృత్తులు మాత్రం ఆ సూక్ష్మజీవులకు దొరక్కుండా ముందుకు పోతాయి. నాలుగో అరలో ఆమ్లం ఉంటుంది, అక్కడ పీహెచ్ 3 కిందికి దిగుతుంది. అక్కడ పట్టు సడలుతుంది. 1977లో ఇంగ్లండ్‌లో జోన్స్, మంగన్ అనే ఇద్దరు సెయిన్‌ఫాయిన్ అనే పప్పుజాతి మేత మీద చేసి చూపించారు. ఆకులోని ప్రధాన మాంసకృత్తు, ఆ మొక్క టానిన్ కలిసిన ముద్ద పీహెచ్ 3.5 నుంచి 7 దాకా చెక్కుచెదరలేదు. 3 కిందికి దిగితే విడిపోయింది, 8 పైకి వెళ్లినా విడిపోయింది.

మామయ్య: అంటే పెద్ద పొట్టలో పడిన తాళం నాలుగో అరలో తెరుచుకుంటుందన్నమాట. వినడానికి బాగుంది.

మేనకోడలు: నువ్వు కొనే బైపాస్ ప్రోటీన్ దాణా చేసేదీ అదే. 1960ల్లో ఆస్ట్రేలియాలో గొర్రెల మేతలోని మాంసకృత్తులకు ఫార్మాల్డిహైడ్ పట్టించి, పెద్ద పొట్ట దాటించారు. ఉన్ని పెరిగింది. మన దేశంలో నూనె చెక్కకు అదే పని చేసి బస్తాల్లో అమ్ముతున్నారు. తుమ్మచెట్టు ఆ పని ఏ బస్తా లేకుండా చేస్తుంది.

మామయ్య: ఆగు, అక్కడే తేడా ఉంది. బస్తా మీద కొలత ఉంటుంది. చెట్టుకు కొలతేదీ? నాలుగో అరలో విడిపోయిందే అనుకో. అక్కణ్నించి పేగులోకి దిగగానే మళ్లీ ఆమ్లం తగ్గుతుంది కదా. విడిపోయిన టానిన్ ఊరికే కూర్చుంటుందా? అది మళ్లీ పట్టుకోదని నాకు రాసిస్తావా?

మేనకోడలు: రాసివ్వను. కొన్ని టానిన్లు మళ్లీ పట్టుకుంటాయి. మేక సొంత జీర్ణరసాల్లోని ఎంజైములు కూడా మాంసకృత్తులే, వాటినీ పట్టుకోగలవు. న్యూజీలాండ్‌లో లోటస్ అనే మేత మీద 1980ల నుంచి చేసిన పని ఇక్కడ అక్కరకొస్తుంది. లోటస్ కార్నిక్యులేటస్ మేసిన గొర్రెలకు చిన్న పేగులో అందిన అమైనో ఆమ్లాలు పెరిగాయి, ఉన్ని పెరిగింది, అండాల విడుదల కూడా మెరుగైంది. అందులో ఘనీకృత టానిన్ అనే రకం ఎండు మేత కిలోకు 20 నుంచి 40 గ్రాముల దాకా ఉంటుంది. దాని దాయాది లోటస్ పెడంక్యులేటస్‌లో టానిన్ అంతకు రెట్టింపు దాకా పోతుంది. అది మేసినవి తిండి తగ్గించాయి, తిన్నది కూడా సరిగ్గా అరగలేదు. కిలోకు 50 గ్రాములు దాటితే నష్టం మొదలవుతుందని అక్కడివాళ్ల అంచనా.

మామయ్య: నా తుమ్మాకులో ఎన్ని గ్రాములున్నాయి?

మేనకోడలు: అది ఏ నెలలో కోశావు, లేతాకా ముదురాకా, నేల ఎలాంటిది అన్నదాన్ని బట్టి. ఆ లోటసే సారంలేని నేలలో పెరిగితే టానిన్ ఎక్కువ, సారవంతమైన నేలలో తక్కువ.

మామయ్య: నా గట్టు నేల సంగతి నీకు తెలుసు, ఎర్ర గరప. అంటే నా చెట్టులో ఎక్కువే ఉండాలి. చూడమ్మాయ్, ఒక సంగతి మర్చిపోతున్నావు. చెట్టు టానిన్ తయారు చేసుకునేది మేక మేలు కోరి కాదు. ముల్లు ఎందుకు పెట్టుకుందో టానిన్ కూడా అందుకే పెట్టుకుంది. తనను తినొద్దని చెప్పడానికి. జొన్నల్లో చూడు. కొన్ని ఎర్ర గింజ జొన్నల్లో టానిన్ ఉంటుంది, పిట్టలు కూడా వాటిని అంతగా ముట్టవు. మనవాళ్లు తరతరాలుగా తెల్ల జొన్న ఏరుకుని విత్తారు. తమ తిండిలోంచి టానిన్‌ను తీసేసుకున్నారు. మన కంచంలో వద్దనుకున్నది మేక గాడిలో ఎందుకు?

(ఈ ప్రశ్నలో బలముంది. మొక్క తన రక్షణకు పెట్టుకున్న పదార్థాన్ని ప్రకృతి వరంగా పొగిడే రాతలు ఈమధ్య ఎక్కువయ్యాయి.)

మేనకోడలు: చెట్టు తన కోసమే పెట్టుకుంది, నిజం. అలాగని తినేవాడు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నువ్వు చెప్పిన టానిన్ జొన్ననే ఎలుకలకు పెట్టి చూశారు, 1980ల్లో అమెరికాలో. కొద్ది రోజులకే వాటి లాలాజల గ్రంథులు ఉబ్బి, ప్రోలిన్ దండిగా ఉన్న మాంసకృత్తుల్ని ఊరించడం మొదలుపెట్టాయి. ఆ లాలాజలం టానిన్‌ను నోట్లోనే పట్టేసి, మేతలోని మాంసకృత్తుల్ని వదిలించింది. ఆకులు మేసే మ్యూల్ జింక లాలాజలంలోనూ టానిన్‌ను పట్టే ఇలాంటి మాంసకృత్తులున్నాయి. గడ్డి మేసే ఆవు, గొర్రెల్లో వెతికితే కనబడలేదు. ఇక సూక్ష్మజీవుల సంగతి. ఆస్ట్రేలియాలో ముల్గా అనే తుమ్మజాతి చెట్టు మేసి బతికే అడవిమేకల పెద్ద పొట్టలోంచి, టానిన్‌ను తట్టుకుని బతికే ఒక బ్యాక్టీరియాను 1994లో వేరుచేశారు. మేక తుమ్మ కింద ముందుకాళ్లెత్తి నిలబడ్డప్పుడు ఎప్పుడైనా దగ్గరగా చూశావా? పైపెదవిని ముళ్ల సందున దూర్చి, ఈనెను వదిలి చిన్నాకుల్ని మాత్రం దువ్వినట్టు లాక్కుంటుంది. నాలుగైదు నోళ్లు తింటుంది, వదిలేస్తుంది. పక్కనున్న రేగు కంపకు పోతుంది. తర్వాత నేలమీద గడ్డి రెండు పరకలు. మళ్లీ తుమ్మ. నువ్వు పోయిన ఎండాకాలం దానికి ఆ పక్క కంప, ఆ గడ్డి లేకుండా చేశావు.

మామయ్య: తప్పు నాదేనంటావు.

మేనకోడలు: తప్పు కాదు, కరువు. కానీ జరిగింది మాత్రం అదే. ఎంచుకునే వీలు పోయిన చోటే టానిన్ చంపింది, ఎక్కడ చూసినా. హిమాలయాల్లో కాంగ్రా, కులు లోయల్లో బాంజ్ ఓక్ ఆకు పశువులకు మేత. వసంతంలో గడ్డి ఇంకా మొలవని రోజుల్లో, ఓక్ లేత చిగుళ్లు తప్ప ఇంకేమీ దొరకనప్పుడు పశువులు వాటినే పొట్టనిండా తిని మూత్రపిండాలు చెడి చనిపోతాయి. ఆ టానిన్ వేరే రకం, నీటి చర్యతో విరిగి గాలిక్ ఆమ్లం ఇచ్చేది. దాన్నుంచి పుట్టే ముక్కలు నెత్తుట్లోకి ఎక్కుతాయి. అది మాంసకృత్తుల్ని పట్టుకోవడంతో ఆగే సంగతి కాదు. నీ నల్లతుమ్మలో రెండు రకాలూ ఉంటాయి, అది కూడా చెప్పకుండా దాచను. దక్షిణాఫ్రికాలో ట్రాన్స్‌వాల్ వేట ఫారాల్లో 1980ల్లో ఇంకా ఘోరం. అక్కడ కుడూ అని మెలికల కొమ్ముల పెద్ద జింక. అడవిలో అయితే ఒక చెట్టు దగ్గర కాస్త తిని నడిచిపోతుంది. ఫారాల్లో ఎత్తు కంచెలు వేశారు, లోపల జింకలు ఎక్కువ, పైన కరువు. ఉన్న తుమ్మజాతి చెట్లనే మళ్లీ మళ్లీ మేశాయి. పొట్టల్లో ఆకు ఉంది, అయినా వందల్లో చచ్చిపోయాయి. ప్రిటోరియా విశ్వవిద్యాలయం నుంచి వాన్ హోవెన్ అనే ఆయన వెళ్లి చూసి టానినే కారణమన్నారు. ఇంకా ఏమేం తోడయ్యాయన్న దానిపై వాదాలున్నాయి. నడిచిపోయే దారి కంచె మూసేసిందన్న దానిపై మాత్రం వాదం లేదు.

మామయ్య: కంచె లేకపోతే జీవానికి అంత తెలివి ఉంటుందంటావా? విషం ఎంతో, విరుగుడు ఎంతో కొలుచుకునే తెలివి?

మేనకోడలు: ఉంటుందని చూపించారు. యూటాలో ప్రొవెంజా అనే శాస్త్రవేత్త మేకల్ని బ్లాక్‌బ్రష్ పొదల్లోకి తోలాడు. కొత్త చిగుళ్లలో నత్రజని ఎక్కువ, అవే తింటాయనుకున్నాడు. మేకలు చిగుళ్లు వదిలేసి పాత కొమ్మలు తిన్నాయి. చిగుళ్లలో టానిన్ ఎక్కువ. పాత కొమ్మల్లో మాంసకృత్తులు తక్కువ కాబట్టి బక్కచిక్కుతూ వచ్చాయి. ఒక గుంపు మేకలు మాత్రం అక్కడి అడవి ఎలుకలు పుల్లలతో కట్టుకున్న గూళ్లను తినడం మొదలుపెట్టాయి. ఎలుకల మూత్రంతో తడిసిన ఆ గూళ్లలో నత్రజని ఉంది. మిగతా గుంపుల కంటే ఆ గుంపు బరువు నిలబెట్టుకుంది. ఆ తర్వాత గొర్రెలతో ఇంకొకటి చేశారు. పాలిఇథిలీన్ గ్లైకాల్ అని ఒక పొడి ఉంది, టానిన్‌కు మాంసకృత్తుల కంటే అదే ఎక్కువ ఇష్టం, పోయి దాన్ని పట్టుకుంటుంది. మేతలో టానిన్ పెంచుతూ పోతే గొర్రెలు ఆ పొడిని తమంతట తామే ఎక్కువ తిన్నాయి. టానిన్ తగ్గిస్తే తగ్గించాయి. అక్షరం ముక్క రాని గొర్రె గ్రాములు కొలిచింది మామయ్యా. దీన్ని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మామయ్య: ఆ పొడి మనకు దొరుకుతుందా?

మేనకోడలు: దొరుకుతుంది గానీ రోజూ వేసే ధర కాదు. రాజస్థాన్ అవికానగర్‌లో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థవాళ్లు జమ్మి ఆకు మేసే మేకపిల్లలకు అది పెట్టి చూశారు, ఎదుగుదల బాగుపడింది. జమ్మి ఆకులో ఉన్న తాళం ఎంతదో ఆ పరీక్ష చెబుతుంది. నీ పరీక్ష కాగితం చెప్పనిది అదే.

మామయ్య: చూశావా, తాళం తీస్తేనే పిల్లలు ఎదిగాయి.

మేనకోడలు: తాళం తీస్తే ఎదిగింది జమ్మి ఆకు మరీ ఎక్కువ తింటున్నప్పుడు. ఎదగకుండా ఆపింది ఆకు కాదు, ఆ మోతాదు. ఇంకో రెండు సంగతులు చెప్పేసి ఊరుకుంటాను. లేత లూసర్న్ మీద పడిన పశువుకు కడుపు ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది కదా, ఆ నురగ కట్టేది కరిగే మాంసకృత్తుల వల్ల. టానిన్ వాటిని పట్టేస్తుంది కాబట్టి టానిన్ ఉన్న పప్పుజాతి మేతల్లో ఆ ఉబ్బరం రాదు. రెండోది నట్టలు. నెత్తురు తాగే హీమాంకస్ నట్టలకు మందు మీద మందు పోసి, ఆ మందే పారని స్థితికి తెచ్చుకున్నాం. అమెరికా దక్షిణాదిన లెస్పెడెజా అనే టానిన్ మేతతో మేకల్లో నట్టల గుడ్లు తగ్గాయి. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లో మనవాళ్లు జువ్వి, జామ ఆకుల పొడితో గొర్రెపిల్లల మీద ఇదే దారిలో పనిచేశారు.

మామయ్య: నట్టల మందు నేను మానను. దాని మీద వాదించకు.

మేనకోడలు: మానమనలేదు. కంటి రెప్ప లోపల పాలిపోయిన వాటికే పోయి, మందకంతా కాదు. పొలానికి కూడా ఒక లాభముంది. టానిన్ మేసిన జీవం మూత్రంలో పోయే నత్రజని తగ్గుతుంది, పెంటికల్లో పోయేది పెరుగుతుంది. మూత్రంలోదానిలో కొంత గాలిలో కలిసిపోతుంది. పెంటికల్లోది నేలలో నిదానంగా కరుగుతుంది. రైతులు డబ్బిచ్చి రాత్రిళ్లు పొలంలో మంద కట్టించుకునేవాళ్లు కదా, వాళ్లకు మిగిలేది ఆ పెంటికే.

మామయ్య: మంద కట్టించుకున్న రోజులు వేరమ్మాయ్. అప్పుడు ఊరి చుట్టూ బంజరు ఉండేది, చెరువు పోరంబోకు ఉండేది. ఇప్పుడు మేక నడవడానికి అడుగు నేల లేదు, తోలుకుపోవడానికి మనిషి లేడు. నువ్వు చెప్పే ఎంపిక ఎకరాలున్న వాళ్ల మాట. నేను షెడ్డు వేసింది సరదాకు కాదు. షెడ్డులో మేక బదులు నేనే ఎంచాలి. నాకు తెలియనిదాన్ని గాడిలో వేయలేను. దశరథ గడ్డి, నేపియర్, మొక్కజొన్న, చెక్క. ఇవి నాకు తెలుసు. బక్రీదు నాటికి పోతు ఎంత తూగుతుందో కూడా తెలుసు.

మేనకోడలు: దశరథ గడ్డిలో కూడా టానిన్ ఉంది.

మామయ్య: ఏంటి?

మేనకోడలు: ఉంది మామయ్యా. సుబాబుల్‌లోనూ ఉంది. దశరథ గడ్డి వేస్తే కడుపు ఉబ్బరం రావడం లేదని నువ్వే చెప్పావు, అందులో దాని పాలు కూడా ఉంది. ఇన్నాళ్లూ నువ్వు టానిన్ వేస్తూనే ఉన్నావు, కొలతలో వేశావు. ఒక్క తుమ్మనే ఎండాకాలమంతా గాడి నిండా వేశావు.

మామయ్య: మరి ఎంత వేయమంటావు? అంకె చెప్పు.

మేనకోడలు: అంకె చెప్పలేను, చెబితే అబద్ధం అవుతుంది. దారి చెబుతాను. గాడిలో నీ లెక్క ప్రకారం మేత, దాణా వేయి. ఇంకో పక్కన తుమ్మ మండ రెండు వేలాడదీయి. ఒక పూట పచ్చిది, ఒక పూట నీడన వడిలింది. ఆరితే కొంత పట్టు తగ్గుతుంది. ఏ పూట ఎంత తిన్నాయో చూడు. లేత చిగుళ్ల మండ వేయకు. సూడి మేకల్ని, పాలు మరిచిన పిల్లల్ని వేరేగా చూడు, పిల్లలకు అలవాటు పడటానికి రోజులు కావాలి.

మామయ్య: తినకపోతే?

మేనకోడలు: వానాకాలంలో తినకపోవచ్చు, పచ్చగడ్డి ఉంటుంది కాబట్టి. ఎండాకాలం కూడా చూడకుండా తినవని తేల్చకు.

మామయ్య: అంటే రెండు కాలాలు చెట్లు ఆపమంటావు. నా పైరు నీడలో ఉండమంటావు.

మేనకోడలు: తూర్పు గట్టువి నరికించు, పైరుకు పొద్దుటెండ వస్తుంది. పడమటి గట్టువి ఉంచు. నరికే చోట కూడా మొదలంటా కాదు, మండ అందే ఎత్తులో మోడు ఉంచి కొట్టమను. మళ్లీ చిగురిస్తుంది.

మామయ్య: పడమటివి ఉంచుతాను. మోడు సంగతి కట్టెలవాడితో మాట్లాడాలి, వాడికి మొద్దు కావాలి, ధర తగ్గిస్తాడు. తూకం మాత్రం పదిహేను రోజులకోసారి నేనే వేస్తాను. మండ తిన్న పిల్లలు, తినని పిల్లలు వేరువేరుగా. తగ్గితే ఆ రోజే నీకు ఫోన్ చేస్తాను, అప్పుడు లోటస్ కబుర్లు చెబితే వినను.

మేనకోడలు: తూకం ఒక్కటే రాయకు. పెంటిక గట్టిదా మెత్తదా అన్నది కూడా పక్కన రాయి. బరువు తగ్గకముందే అది చెబుతుంది.